సహపంక్తిలో పిలవని చుట్టం

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెయ్యెత్తండి. మధ్యలో లేచి, "ఇలా ఎక్కడైనా జరుగుతుందాండీ?" అంటే కుదరదు. ఇందులో ఒక్క అబద్ధం చూపించినవాడికి పాలకొల్లు స్టూడియోల వీధి మొత్తం రాసిచ్చేస్తాం. వీధి మనది కాదనుకోండి, అయినా రాసిచ్చేస్తాం. గోదావరి గట్టు మీద ఎన్నో కథలు పుట్టాయి గానీ, సాక్షితో సహా పుట్టింది ఇదొక్కటే. ఆ సాక్షి పేరు చివర్లో చెప్తాం. అంతదాకా కదలకండి.

"భీమవరం అందుకుంది! తణుకు అందుకుంది! అమ్మో, రాజోలు కూడా అందుకుందమ్మా!"

అలా కేకలు పెడుతున్నవాడు గుబ్బల పెద్దిరాజు. పాలకొల్లు బస్టాండు వెనక స్టూడియోల వీధిలో పెళ్ళిళ్ళ షూటింగుకి పెట్టింది పేరు. వీడియోగ్రాఫర్ల యూనియన్‌కి ప్రెసిడెంటు. మనిషి ఒక్కచోట కూర్చోడు. కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. ఆ మోకాలి అదురుకి పక్కింటి గోడ గడియారం ముందుకు నడిచేదని చెప్పుకునేవారు.

అతని పక్కన నిలబడి తెర మీద పచ్చదీపాలు వెలగడం చూస్తున్నావిడ డాక్టర్ నిరంజని. విశాఖపట్నంలో ఒక పరిశోధనాలయంలో సైంటిస్టు. వెలిగే ప్రతి దీపం ఒక స్టూడియోలోని కంప్యూటరు. ఆ క్షణాన రెండు గోదావరి జిల్లాల్లోని స్టూడియోలన్నీ కలిసి ఒకే ఒక్క పెళ్ళిని వండుతున్నాయి. ప్రయోగం అదే.

వండటమేమిటంటారా? ఇది వీడియోలు పోయి నిలువుబొమ్మలు వచ్చిన కాలం. పందిరి కప్పు నిండా ఆవగింజలంతేసి కెమెరాలు చల్లుతారు. అవి తీసిందంతా కలిపి కుడితే బొమ్మ తయారు. కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ ఆ పెళ్ళిలోకి నడిచి వెళ్ళొచ్చు. వంటల పాకలోకి తొంగి చూస్తే బూరెలు వేగుతుంటాయి. పీటల దగ్గరకెళ్తే పురోహితుడు గడియారం చూసుకుంటూ దొరికిపోతాడు. గొప్ప సంగతే. కానీ అంత బొమ్మని ఒక్క కంప్యూటర్ తయారు చెయ్యాలంటే పెళ్ళికూతురి ఒళ్ళోకి బిడ్డ వచ్చి, ఆ బిడ్డకి అన్నప్రాసన కూడా అయిపోయేది.

పెద్ద పెద్ద సర్వర్లు సముద్రాల అవతల ఉన్నాయి కదా, వాటికివ్వొచ్చు కదా అంటే, ఇచ్చి చూశారు. ఆ సర్వర్ పెళ్ళికూతురి మొహాన పసుపు చూసి రంగు తప్పొచ్చిందనుకుని కడిగేసింది. తలంబ్రాలు పోస్తుంటే తెర మీద మచ్చలు పడుతున్నాయనుకుని గింజ మిగలకుండా ఏరేసింది. వధూవరులు ఉత్త చేతులు ఒకరి నెత్తిన ఒకరు ఆడించుకుంటున్న ఆ బొమ్మ చూసి రెండు కుటుంబాలూ స్టూడియో అద్దాలు పగలగొట్టాయి. మన పెళ్ళిని మన కంప్యూటర్లే చెయ్యాలని యూనియన్ తీర్మానించింది ఆ రోజే.

నిరంజని గారు చెప్పిన ఉపాయం చాలా తేలిక.

"బొమ్మని ముక్కలు చేస్తాం, పెద్దిరాజు గారూ. మీ కంప్యూటర్ ఖాళీగా ఉంటే ముక్క ఇక్కడే తయారవుతుంది. లేకపోతే పక్క స్టూడియోకి వెళ్తుంది. అక్కడా ఖాళీ లేకపోతే దాని పక్కకి. తయారైన ముక్కలన్నీ మళ్ళీ మీ దగ్గరకే వచ్చి అతుక్కుంటాయి."

"అంటే అందరూ ఒకే బంతిలో కూర్చుని ఒకరి విస్తట్లోంచి ఒకరు పంచుకోవడం అన్నమాట!" అన్నాడు పెద్దిరాజు. "దీనికి సహపంక్తి అని పేరు పెట్టేద్దామమ్మా."

పేరు ఆవిడకీ నచ్చింది.

"మరి ముక్క అలా చేతులు మారుతూ పోతూనే ఉంటే?"

"ప్రతి ముక్కకీ ఆయుష్షు పెట్టాను. చేతులు మారిన కొద్దీ తగ్గుతుంది. పూర్తిగా అయిపోతే ముక్క రాలిపోతుంది. లేకపోతే నెట్‌వర్క్ అంతా ముక్కలతో నిండిపోయి ఊపిరాడదు."

"రాలిపోతే అసలు ఉంటుందిగా?"

"ఉండదు. అంత బరువు దాచే చోటు ఎవరి దగ్గరా లేదు. ముక్కలయ్యాక ముక్కలే అసలు."

పెద్దిరాజు మోకాలు ఆడటం ఆగిపోయింది. అది చూసి ఆవిడ నవ్వింది. "అంతదూరం రాదండీ. ఇన్ని స్టూడియోల్లో ఎవరో ఒకరు ఖాళీగా ఉంటారు కదా. లెక్క వేశాను."

లెక్కలో తప్పు లేదు. ఆ రోజు ప్రయోగం జరిగిన తీరు చూసిన కళ్ళు ధన్యం. బొమ్మ మొదలైందని పెద్దిరాజు టీ చెప్పాడు, టీ వచ్చేలోపు పెళ్ళి తయారు! తాగకుండానే గ్లాసు కింద పెట్టి డాన్సు చేశాడు. కంప్యూటర్ల వేడికి వీధి ఆడవాళ్ళు మేడల మీద కాకుండా స్టూడియో కిటికీల ముందు అప్పడాలు ఎండబెట్టుకున్నారు.

ఒక్క సంగతి మాత్రం ఎవరూ నోరెత్తి అనలేదు. అది శుక్రమూఢం. పెళ్ళిళ్ళు లేని కాలం. కంప్యూటర్లన్నీ ఈగలు తోలుకుంటున్న కాలం.

మూఢం వెళ్ళిపోయే ముందు యూనియన్ మీటింగు జరిగింది. కల్యాణ మండపం భోజనాల హాల్లో అందరూ చేరారు. సహపంక్తిలో చేరని స్టూడియో లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కడూ గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు.

అతను తాతబ్బాయి. పెద్దిరాజు భార్య వీరవేణికి తమ్ముడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నెరిసిన మీసం. ఎక్కడ నిలబడ్డా జిల్లా జడ్జీలా ఉంటాడు. ఒకప్పుడు బావా బావమరుదులిద్దరూ ఒకే కెమెరా భుజాన మోసినవాళ్ళే. తర్వాత తాతబ్బాయి దినాల బొమ్మల్లోకి దిగాడు. దినం భోజనాలప్పుడు పోయినాయన వాలుకుర్చీలో కనిపించి, "ఇంకో గారె వేసుకోరా" అని మనవణ్ణి కసురుతాడు. అలాంటి బొమ్మ తయారు చెయ్యాలంటే పెళ్ళి బొమ్మకి పట్టే శక్తి ఏమూలకీ చాలదు. అందుకని కాలవ గట్టున పాత బియ్యం మిల్లు తీసుకుని, దాన్నిండా కంప్యూటర్లు పెట్టాడు. అంత పెద్ద దండు జిల్లాలో ఇంకెవరికీ లేదు. కానీ ఆ పనిలోకి దిగిన రోజు నుంచీ అతన్ని పెళ్ళికి పిలిచినవాడూ లేడు.

"నా మిల్లు కూడా కలుపుకోండి బావా," అన్నాడు గుమ్మంలోంచే.

హాలు గొల్లుమంది. నర్సాపురం స్టూడియో ఏడుకొండలు లేచి నిలబడ్డాడు. నోరు పెద్దది, కండువా అంతకన్నా పెద్దది.

"ఏమయ్యా తాతబ్బాయీ, పెళ్ళిబొమ్మ చావు మిల్లుకొచ్చి పోతుందా? తాళి కట్టే ముక్క నీ కంప్యూటర్లోంచి బయటికొస్తే ఏ తండ్రైనా ముట్టుకుంటాడా? ప్రెసిడెంటు గారూ, ఇక్కడే తేల్చండి. మీ బావమరిదని చూడకండి!"

అందరూ చూస్తున్నారు. పెద్దిరాజు జేబులోంచి స్టూడియో తాళాలు తీసి బల్ల మీద టపీమని పెట్టాడు.

"ఒక్క పెళ్ళి ముక్క ఆ మిల్లు గడప తొక్కిందంటే ఈ తాళాలు మీవి. నేను కెమెరా ముట్టను. సరేనా?"

చప్పట్లకి కప్పు మీది పావురాలు లేచి యలమంచిలి దాకా వెళ్ళి వాలాయి.

మీటింగు అయ్యాక తాతబ్బాయి చెప్పులు వేసుకుంటూ నెమ్మదిగా అడిగాడు. "పోనీలే బావా. మరి మన ధాత్రి పెళ్ళికి? మేనమామని కదా. బుట్ట నేను కదా మొయ్యాలి."

పెద్దిరాజు ఆకాశం కేసి చూశాడు. "వియ్యాలవారు ఒప్పుకోరురా. మీ పినతండ్రి కొడుకు శేషగిరి ఉన్నాడుగా, వాడు మోస్తాడు."

"వాడికి నడుంనొప్పి," అన్నాడు తాతబ్బాయి. అంతే అన్నాడు. వెళ్ళిపోయాడు.

మాఘమాసం వచ్చింది. మూఢం విడిచాక మొదటి పెద్ద ముహూర్తం. పెద్దిరాజు కూతురు ధాత్రి పెళ్ళి ఆ పొద్దున్నే. బుట్ట మోసిన శేషగిరి మధ్యలో నడుం పట్టుకున్నాడు. బుట్ట ఒక పక్కకి ఒరిగింది. పెళ్ళికూతురు "అమ్మో" అంది. నలుగురూ నవ్వారు. వీరవేణి మాత్రం నవ్వలేదు, మొగుడి కేసి ఒక్క చూపు చూసింది. తాళి కట్టడం అయింది, తలంబ్రాలయ్యాయి, కెమెరాలు తీసిందంతా ముక్కలై సహపంక్తిలోకి వెళ్ళింది.

భోజనాల దగ్గర నిరంజని గారు బూరె కొరికి నెయ్యి పోయించుకుంటున్నారు. పెద్దిరాజు ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పట్టుపంచె కుచ్చిళ్ళు ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో.

"డాక్టరమ్మా, ఇదేంటో తిరుగుతోంది!"

తెర మీద దీపాలన్నీ ఎర్రగా ఉన్నాయి. ముక్క అందుకోవడానికి ఖాళీగా ఉన్న పచ్చదీపం ఒక్కటీ లేదు. ముక్కలు మాత్రం ఊరి నుంచి ఊరికి పరుగులు తీస్తున్నాయి. పాలకొల్లు భీమవరానికి, భీమవరం తణుకుకి, తణుకు రాజోలుకి, రాజోలు మళ్ళీ పాలకొల్లుకి. మీరు కానివ్వండి అంటే, అబ్బే మీరు కానివ్వండి అన్నట్టు. ఒక్కటి కూడా తయారు కావడం లేదు.

ఆవిడ బూరె విస్తట్లో పెట్టేసింది. "ఇవాళ మొత్తం ఎన్ని పెళ్ళిళ్ళు?"

"అన్నీ."

"అన్నీ అంటే?"

"అన్నీ అంటే అన్నీనమ్మా! మూఢం వెళ్ళాక మొదటి ముహూర్తం. పెళ్ళి కావలసిన ప్రతివాడికీ ఇవాళే పెళ్ళి. చూడండి, ఈ ఊళ్ళో పురోహితుడు దొరక్క ఒక్కాయనే స్కూటర్ మీద మూడు పందిళ్ళు తిరుగుతున్నాడు."

"ఆ మాట నాకు ముందే ఎందుకు చెప్పలేదండీ?" ఆవిడ గొంతు పైకి లేచింది. "అందరూ ఒకేసారి పనిలో ఉంటే పంచుకోవడానికి ఎవరుంటారు? నా లెక్కంతా ఎవరో ఒకరు ఖాళీగా ఉంటారనే కదా!"

"ముహూర్తం సంగతి ఎవరికి తెలీదమ్మా? అందరికీ తెలిసిందే కదాని ఎవరూ చెప్పలేదు. మీరు పెళ్ళి..."

"నాది రిజిస్టర్ ఆఫీసులో. మంగళవారం."

పెద్దిరాజు ఫోను కేసి చూశాడు. తెర మీద ఒక ముక్క మినుకుమని ఆరిపోయింది.

"అది..."

"ఆయుష్షు తీరింది," అన్నదావిడ. "ఎవరిదో వంటల పాక. ఈ పరుగు ఇలాగే సాగితే సాయంత్రానికి తాళి కట్టే ముక్కలు కూడా రాలతాయి. ఎవరి పెళ్ళీ మిగలదు. ధాత్రిది కూడా."

ఫోన్లు మోగడం మొదలైంది. ఏడుకొండలు అరుస్తున్నాడు, తన తమ్ముడి కొడుకు పెళ్ళి కూడా అందులోనే తిరుగుతోందట. పందిట్లో ధాత్రి కొత్త మొగుడి పక్కన కూర్చుని నవ్వుతోంది. తన పెళ్ళి ఊళ్ళు పట్టుకు తిరుగుతోందని ఆ పిల్లకి తెలీదు.

"ఇవాళ ఖాళీగా ఉన్న కంప్యూటర్ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెప్పండి," అన్నది నిరంజని. "పెద్దదై ఉండాలి."

పెద్దిరాజుకి తెలుసు. అడక్కముందే తెలుసు. పెళ్ళిళ్ళ రోజున దినం భోజనాలు ఎవడు పెడతాడు? ఎవడొస్తాడు? ఇంత ముహూర్తాన జిల్లా మొత్తం మీద ఉలుకూ పలుకూ లేకుండా పడుకున్న మిల్లు ఒక్కటే ఉంది.

స్కూటర్ ఎలా నడిపాడో చెప్తే నమ్మరు. కాలవ మలుపు దగ్గర స్కూటర్ ముందు వెళ్ళింది, దాని నీడ వెనక పరుగెత్తుకుంటూ వచ్చి కలిసింది.

మిల్లు అరుగు మీద తాతబ్బాయి ఒక్కడే కూర్చుని వేరుసెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"రా బావా. వెళ్ళేటప్పుడు కాళ్ళు కడుక్కోవాలి కదా, కుళాయి అటుంది. పెళ్ళెలా జరిగింది?"

"బాగానే..."

"బుట్ట?"

"ఒక పక్కకి ఒరిగింది."

"చెప్పానా." తాతబ్బాయి ఒక గింజ నోట్లో వేసుకున్నాడు.

పెద్దిరాజు అరుగు మీద కూలబడి మొత్తం చెప్పాడు. చివరికి చేతులు పట్టుకున్నాడు. "నీ మిల్లు తెరవరా. ఎవరికీ తెలియనివ్వకు. తెలిస్తే తాళాలు పోతాయి, పరువు పోతుంది. తెరవకపోతే పిల్ల పెళ్ళే పోతుంది."

"పిల్ల పెళ్ళి అన్నావు, అది చాలు. పంపు." తాతబ్బాయి పొట్టు దులుపుకుని లేచాడు. "ఒక్క మాట. ధాత్రి బొమ్మ మొదటి నుంచి చివరి దాకా నేను చూస్తాను. మిగతావాళ్ళవి తాళి కట్టే ఘట్టం చూస్తాను. అదీ నిలబడే."

ఇక్కడ ఒక్క సంగతి తెలుసుకోవాలి. బొమ్మ తయారయ్యాక తాళి కట్టే ఘట్టాన్ని ఒక మనిషి అద్దాలు పెట్టుకుని చూసి సరే అనాలి, అప్పుడే ఆఖరి కుట్టు పడుతుంది. పెళ్ళి స్టూడియోల్లో ఆ పని కుర్చీలో వెనక్కి వాలి, పకోడీలు తింటూ, గబగబా తిప్పేసి చేసేవారు.

"నిలబడటం దేనికిరా? తిప్పేసి ఓకే కొట్టెయ్," అన్నాడు పెద్దిరాజు.

"పోయినవాళ్ళనే నేను ఎప్పుడూ గబగబా తిప్పలేదు బావా. బతికున్నవాళ్ళని తిప్పుతానా?"

మిల్లు లేచింది. ఆ లేవడం మామూలు లేవడమా! ఫ్యాన్ల హోరుకి కాలవలో గుర్రపుడెక్క ఎదురు ఈదింది. మాఘమాసపు చలికి గట్టు మీద పాడి గేదెలన్నీ వచ్చి మిల్లు గోడకి వీపు ఆనించి నిలబడ్డాయి. ఎర్రదీపాల మధ్య ఒకే ఒక్క పచ్చదీపం. ఊళ్ళన్నీ తిరుగుతున్న ముక్కలన్నీ దాని మీదకి మిడతల్లా వచ్చి వాలాయి.

ఆటో కట్టించుకుని మిల్లుకి చేరిన నిరంజని మొదటి బొమ్మ చూసి కెవ్వుమంది. వెనకాల ఏడుపు వేణువు. వధూవరుల ముందు వెలుగుతున్న దీపం. కింద "మీ ఆత్మకు శాంతి కలగాలని కోరుకుంటూ, కుటుంబ సభ్యులు".

"మెడలో దండ ఉంటే చాలు, నా కంప్యూటర్లు అలా అనుకుంటాయమ్మా. వాటి అలవాటు," అని తాతబ్బాయి ఒక మీట నొక్కి ఆ సరంజామా అంతా తీసేశాడు. తర్వాత స్నానం చేసొచ్చాడు. ఎప్పుడో కొనుక్కుని కట్టుకునే అవకాశం రాని పట్టుపంచె కట్టాడు. మిల్లు మూలన మిగిలిన బియ్యానికి పసుపు కలిపి దోసిట్లో పోసుకున్నాడు. చెప్పులు విప్పి, అద్దాలు పెట్టుకుని నిలబడ్డాడు.

అలా నిలబడి, మాంగల్యం మంత్రం వినిపించిన ప్రతిసారీ చెయ్యెత్తి అక్షింతలు వేశాడు. రెండు జిల్లాల పెళ్ళిళ్ళకీ వేశాడు. మిల్లు నేల మీద అక్షింతలు మోకాలెత్తు పేరుకుంటే పారతో ఎత్తారు. పాదాలు వాచాయి గానీ ఒక్క జంటని వదల్లేదు. ఒక్క పెళ్ళి కూడా రాలిపోలేదు. పోయిందల్లా ఎవరిదో వంటల పాక ఒక్కటే.

బొమ్మలు ఇళ్ళకి చేరాయి. పొగడ్తలతో పెద్దిరాజు ఫోను వేడెక్కింది. పొగడ్తల వెనకే ఒక ప్రశ్న కూడా రావడం మొదలైంది.

"అద్భుతమండీ పెద్దిరాజు గారూ! మరి పీటలకి ఎడమ పక్కన అక్షింతలు వేస్తున్న ఆ పెద్దమనిషి ఎవరండీ? పట్టుపంచె, తెల్లమీసం?"

పెద్దిరాజు ఫోను చెవి మార్చాడు. "మీరు పెళ్ళికూతురి వైపు కదండీ? అయితే పెళ్ళికొడుకు తాలూకు అయ్యుంటారండీ."

గంట తర్వాత పెళ్ళికొడుకు వాళ్ళ ఫోను. "పెళ్ళికూతురి తాలూకు అయ్యుంటారండీ."

పెద్దిరాజు నిరంజనికి ఫోను చేశాడు. ఆవిడ పరీక్షించి చూసి చాలాసేపు నవ్వింది, తర్వాత చెప్పింది. "నా కుట్టే యంత్రానికి పందిట్లో ఎవరెక్కడ నిలబడ్డారో తెలియాలి, లేకపోతే వెలుగునీడలు కుదరవు. మీ వాళ్ళంతా కుర్చీలో కూర్చుని చూసేవారు కాబట్టి వాళ్ళని సామాను కింద లెక్కేసి వదిలేసింది. ఈయన చెప్పులు విప్పి, నిలబడి, మంత్రానికి సరిగ్గా అక్షింతలు వేశాడు. అలాంటివాణ్ణి అతిథి అనుకోక ఇంకేమనుకుంటుంది? కెమెరాలు పొరపాటున వదిలేశాయనుకుని తనే కుట్టేసింది."

"తీసెయ్యండమ్మా!"

"కుదరదు. వెలుతురంతా ఆయన చుట్టూ కట్టింది. ఆయన్ని తీస్తే పెళ్ళికూతురి మొహం మీద చీకటి పడుతుంది."

పెద్దిరాజు ఇంటికి పరుగెత్తాడు. ఆలస్యమైపోయింది. నట్టింట్లో వీరవేణి అద్దాలు పెట్టుకుని నిలబడి ఉంది. చెయ్యి గాల్లో చాచి ఉంది.

"ఏమేవ్, అదీ..."

"మాట్లాడకండి," అందావిడ. "బుట్ట వస్తోంది."

అతనూ అద్దాలు పెట్టుకున్నాడు. శేషగిరి బుట్ట మోసుకొస్తున్నాడు. నడుం పట్టుకున్నాడు. బుట్ట ఒరగబోయింది. ఒరిగే పక్కన పట్టుపంచె కట్టుకున్న తాతబ్బాయి ఒక్క అడుగు ముందుకేసి, కింద అరచెయ్యి ఆనించాడు. బుట్ట ఒరగలేదు. ధాత్రి "అమ్మో" అనలేదు. మేనమామ కేసి చూసినట్టే ఉంది, నవ్వింది.

"ఆ రోజు ఒరిగిందే!" అన్నాడు పెద్దిరాజు.

"మా తమ్ముడు లేడు కాబట్టి ఒరిగింది," అంది వీరవేణి. "ఉంటే ఇదిగో, ఇలా ఉండేది."

అతను అద్దాలు తీయలేదు. తీస్తే కళ్ళు కనపడతాయి.

మర్నాడు యూనియన్ మీటింగు పెట్టించింది పెద్దిరాజే. పాలకొల్లు వాళ్ళకి తాతబ్బాయి మొహం తెలీదా? దాగే పని కాదు. అందరి ముందూ జరిగింది చెప్పి, స్టూడియో తాళాలు ఏడుకొండలు కేసి తోశాడు.

ఏడుకొండలు తాళాల కేసి చూశాడు. హాలు కేసి చూశాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. తాళాలు మెల్లగా వెనక్కి తోశాడు.

"గట్టిగా అరవకండి ప్రెసిడెంటు గారూ," అన్నాడు గొంతు తగ్గించి. "మా తమ్ముడి వియ్యంకుడు కాకినాడ. బొమ్మ చూసి ఆ పెద్దాయనెవరని అడిగాడు. నేనేమో మా బాబాయని చెప్పేశాను. కోనసీమలో కొబ్బరితోటలున్నాయని కూడా చెప్పేశాను."

పక్కనున్న తణుకు ఆయన దగ్గాడు. "మేం రిటైరైన కలెక్టరని చెప్పాం."

అలా ఒక్కొక్కరే బయటపడ్డారు. స్టూడియో వాళ్ళే కాదు, రెండు జిల్లాల్లో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే భాగోతం. అంత హుందా మనిషిని మా తాలూకు కాదని ఎవడనుకుంటాడు? ఎదుటి వైపు వాళ్ళు నోరు తెరిచేలోపే ఇటువైపు వాళ్ళు చుట్టరికం కలిపేసుకున్నారు. ఇప్పుడు ఆయన దినాల తాతబ్బాయి అని ఒప్పుకోవాలంటే ముందు తాము కోసిన కోతలు ఒప్పుకోవాలి. దానికన్నా ఆయన్ని నిజంగానే చుట్టం చేసేసుకోవడం సుఖం.

చేసేసుకున్నారు. సీమంతాలకి పిలిచారు. బారసాలలకి పిలిచారు. తర్వాతి ముహూర్తం నాటికి తాతబ్బాయి గుమ్మంలో శుభలేఖలు చెత్తబండి పట్టేన్ని. "ఎలాగూ వస్తారుగా బాబాయి గారూ, బొమ్మ కూడా మీ మిల్లులోనే చేసిపెట్టండి" అని ప్రతి ఇంటివాడూ పని కూడా అక్కడికే తెచ్చి పోశాడు.

ఇక మిగిలింది అందరి ముందూ నిజం చెప్పేసిన పెద్దిరాజు. ఆ పెద్దమనిషి ఎవరో పెళ్ళి పందిట్లో నోరు జారగలవాడు ఒక్కడే ఉన్నాడు కదా. అతన్ని పిలవడం మానేశారు. షూటింగులూ ఇవ్వడం మానేశారు. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు. బజార్లో కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవారు, అంతే.

పెద్ద ముహూర్తం వచ్చింది. ఊరు ఊరంతా పందిళ్ళలో ఉంది. పెద్దిరాజు ఖాళీ స్టూడియోలో అటూ ఇటూ నడుస్తున్నాడు. తెర మీద దీపాలు ఒక్కొక్కటీ ఎర్రబడుతున్నాయి. భీమవరం ఎర్ర. తణుకు ఎర్ర. మిల్లు కూడా ఎర్ర! ముక్కలు మళ్ళీ పరుగు మొదలెట్టాయి. తాతబ్బాయికి ఫోను చేశాడు.

"బావా, సన్నాయి మోతలో వినపడట్లేదు! ఉండిలో ఉన్నాను, ఇక్కణ్ణుంచి ఆచంట వెళ్ళాలి. మా వాళ్ళు బూరెలు తినకుండా కదలనివ్వట్లేదు!"

ఫోను పెట్టగానే నిరంజని గారి కేక. "పెద్దిరాజు గారూ, మళ్ళీ అదే! ఊళ్ళో ఎవరూ పెళ్ళికి పిలవని మనిషి ఇంకొకరు లేరా? పని లేని కంప్యూటర్ ఒక్కటైనా లేదా?"

అతను తెర కేసి చూశాడు. ఎర్రదీపాల మధ్య ఒకే ఒక్క పచ్చదీపం ఉంది. ముక్కలన్నీ దాని వైపు మళ్ళుతున్నాయి. దాని కింద పాలకొల్లు, బస్టాండు వెనక వీధి అని రాసి ఉంది.

"ఉన్నాడమ్మా," అన్నాడు పెద్దిరాజు.

స్టూడియో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. మొదటి పెళ్ళి తయారై వచ్చింది. అతను కుర్చీ లాక్కున్నాడు, అద్దాలు పెట్టుకున్నాడు. పందిట్లో పీటలకి ఎడమ పక్కన తాతబ్బాయి నిలబడి ఉన్నాడు. ఈసారి యంత్రం కుట్టిన తాతబ్బాయి కాదు, శుభలేఖ అందుకుని వచ్చిన తాతబ్బాయి. మంత్రం మొదలైంది.

పెద్దిరాజు లేచి కుర్చీ వెనక్కి తన్నేశాడు. చెప్పులు విప్పాడు. బియ్యం లేవు. ఉత్త చెయ్యే పైకెత్తాడు.

ఇదీ జరిగింది. ఇంకా నమ్మరూ? అయితే గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికైనా వెళ్ళి వాళ్ళ పెళ్ళిబొమ్మ పెట్టించుకోండి. పీటలకి కుడి పక్కన ఉత్త చెయ్యెత్తి నిలబడ్డవాడి మాట నమ్మకండి, అతను పిలవని చుట్టం. ఎడమ పక్కన పట్టుపంచె కట్టుకుని, దోసిట్లో అక్షింతలతో ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన్ని అడగండి. ఇంటివాళ్ళు కలెక్టరంటారు, కొబ్బరితోటల బాబాయంటారు, ఆ మాటలు చెవిన పెట్టకండి. అసలు పేరు అంగర తాతబ్బాయి.